దీపం పెట్టని ఫైలు

ఒంగోల్లో నాది ఫ్లెక్సీల షాపు. పెళ్లయినా, పుట్టినరోజయినా, చావయినా ముందు నా కంప్యూటర్లోకి రావాల్సిందే. ఆ డిజైన్ సాఫ్ట్‌వేర్ చేసినవాడెవడోగానీ, వాడికో దండం. ఏ ఫైలుకైనా ఒకటే బొమ్మ, తెల్లకాగితం మీద పచ్చచుక్క. ఆ తికమకలో ఓసారి మిర్చి రైతుల ఇంటి పెళ్లికి ఎవరిదో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వెళ్లిపోయింది. మండపం ముందు విప్పి చూసుకున్నారు. పెళ్లికొడుకు మేనమామ వచ్చి, "ఒరేయ్, కళ్లల్లో కారం కొడితేగానీ కనపడదా నీకు?" అని నా చొక్కా పట్టుకున్నాడు. పట్టుకోవాల్సింది నా చొక్కానా, ఆ సాఫ్ట్‌వేర్ వాడిదా?

ఆ రోజే బొమ్మలు మార్చేశాను. పెళ్లికి తోరణం, పుట్టినరోజుకి కేకు, పోయినవాళ్లకి దీపం. మళ్లీ పొరపాటు జరగలేదు.

తర్వాత కొత్తపట్నం నుంచి ఒకామె వచ్చింది. చిన్నకొడుకు చేపలవేటకెళ్లి తిరిగి రాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. 'కనబడుటలేదు' అని ఫ్లెక్సీ చేసిచ్చాను. ఆ ఫైలుకి ఏ బొమ్మ పెట్టాలో తోచక పాత చుక్కతోనే వదిలేశాను.

కొన్ని నెలలకి ఆమె పెద్దకొడుకు ఫోన్ చేశాడు. "తమ్ముడికి కర్మ చేసేస్తున్నామన్నా. ఆ ఫొటోకే దండేసి కొట్టు." దండేశాను, అలవాటు కొద్దీ ఫైలుకి దీపం పెట్టాను. ప్రింటుకి పోకముందే తల్లి బస్సెక్కి వచ్చేసింది. ఆమెకి చదువు రాదు. తెర మీద బొమ్మల వరస చూసి, "మావోడిదేదయ్యా?" అంది. చూపించాను.

"దీపం పెట్టావా! వాడి శవాన్ని చూశావా నువ్వు?" ఆ కేకకి పక్క టీకొట్టువాళ్లు లేచి నిలబడ్డారు. "తియ్! నేను చెప్పిందాకా పెట్టమాక."

తీసేశాను. కర్మ కూడా ఆగిపోయింది. అప్పట్నుంచి ఒంగోలు వచ్చినప్పుడల్లా నా వెనక నిలబడి, ఆ చుక్క చూసుకుని వెళ్లేది. నాకు మాత్రం అదంటే భయం పట్టుకుంది. షాపు తెరవగానే చూపు అటే పోయేది. తడిబట్టలతో ఎవరో గుమ్మంలో నిలబడి, లోపలికి రానా అని అడుగుతున్నట్టుండేది. ఫైలుకి భయపడటమేంట్రా అని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. భయం పోలేదు.

ఈ వానాకాలంలో పెద్దకొడుకు తల్లి ఫొటో పట్టుకొచ్చాడు. గుండెపోటట. ఆమె ఫైలుకి నా చేత్తోనే దీపం పెట్టాను.

"తమ్ముణ్ణి కూడా అమ్మ పక్కనే పెట్టి దండెయ్యన్నా. ఇద్దరికీ కలిపి కానిచ్చేస్తాం. ఇంక వద్దనేవాళ్లెవరున్నారు?"

పాపం, అతనూ అలిసిపోయాడు. చుక్క మీదికి మౌస్ బాణం తీసుకెళ్లాను. వేలు కదల్లేదు.

"మీ అమ్మ నాకు చెప్పలేదయ్యా," అన్నాను.

తెర మీద పక్కనే వాళ్లమ్మ ఫ్లెక్సీ తెరిచి ఉంది. మా శ్రద్ధాంజలి ఫ్లెక్సీల్లో పైన పోయినవాళ్లుంటారు, కింద కుటుంబసభ్యులుంటారు. అతను ముఖం తుడుచుకుని, కింద తన ఫొటో పక్కనున్న ఖాళీ చూపించాడు.

"అయితే వాణ్ణి ఇక్కడ పెట్టన్నా," అన్నాడు.