మూసీ నీళ్ళను కొలిచిన దారాలు

పోయిన ఆదివారం పొద్దున సరిగ్గా పదిన్నరకు, నాతోపాటు చదువుకున్న ఒకామె ఫోన్ చేసి, మన చరిత్ర ఉస్తానీ ఫోటో బడిలో పెడుతున్నాం, వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పమని అడిగింది. ఉస్తానీని వెళ్ళగొట్టిన బడే ఇప్పుడు ఆమెకు దండ వేస్తుందట.

1940ల మొదట్లో, హైదరాబాద్‌లో పురానాపుల్ వంతెనకు ఇవతల మా ఆడపిల్లల బడి ఉండేది. పాఠం చెప్పే ఆడవాళ్ళను ఉస్తానీ అనేవాళ్ళం. మా చరిత్ర ఉస్తానీ ఏ కాలంలోనైనా గొడుగు పట్టుకునే వచ్చేది, వానలో కూడా విప్పేది కాదు. దాని మొనతో నేల మీద రాజ్యాలు గీసి, ఢిల్లీలో కూర్చున్న పిల్లను లేపి దక్కనుకు తరిమేది. ఒకరోజు ఉన్నట్టుండి, "రాజులను పుస్తకం చూసుకుంటది బేటీ, మీ దాదీలను ఎవరు చూసుకుంటరు?" అని, 1908 మూసీ వరదలో మీ ఇంటి పెద్దలకు నీళ్ళు ఎంతవరకు వచ్చాయో దారంతో కొలిచి తెమ్మంది.

మా నాయనమ్మ గోడకు ఆనుకుని నిలబడి మెడ చూపించింది. "గీడిదాంక, బిడ్డా. బుజం మీద మీ నాయిన, నెత్తి మీద బియ్యం గంప." అప్పటిదాకా ఇంట్లో ఎవరూ అడగని మాట అది. ఆ దారాలన్నీ ఉస్తానీ తరగతి గోడకు వరుసగా వేలాడదీసి, ఒక్కొక్కదాని కింద గల్లీ పేరు రాసింది. గాలి వీస్తే నీళ్ళు కదిలినట్టే ఉండేది.

నెల తిరగకముందే బడికి చందాలిచ్చే సేఠ్‌గారి తల్లి జ్వరంతో పోయింది. ఆమెనూ అంతకుముందు మనుమరాలు దారంతో కొలిచింది. పోయిన ఆదివారం ఫోన్ చేసింది ఆ మనుమరాలే. మనిషిని దారంతో కొలిచేది చేతబడికేనని మా పేటలో నమ్మకం. ఉస్తానీ ముసలామె ఆయుష్షు గుంజుకున్నదని బడి ముందు లొల్లి లేచింది. మా నాయనమ్మ ఒక్కతే అడ్డం నిలబడి, "నన్ను గూడ కొలిచిండ్రు గదరా, నేను సచ్చిన్నా?" అని అడిగితే అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళే ఉస్తానీని తీసెయ్యాలన్న అర్జీ మీద వేలిముద్రలు వేశారు. ఉస్తానీ గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. దారాలను చౌకీదారు పెరట్లో కాల్చాడు. చరిత్ర చెప్పేవారు లేరని పై తరగతి మూసేశారు. నన్ను మెట్రిక్‌కు కూర్చోబెడతానని ఆమె ఇచ్చిన మాట అక్కడితో ఆగింది.

ఆనాడు మనమంతా ఉస్తానీ వైపే నిలబడ్డామని నేను బడిలో చెప్పాలట. నేను వెళ్ళను.

పోయినవి ఇవి: ఉస్తానీ కొలువు, మా తరగతి చదువు, గోడ మీది దారాలు. వరద ఎంతవరకు వచ్చిందని మనుమలు అడిగితే నా మెడ చూపిస్తాను. అది తప్పు కొలత. మా నాయనమ్మ నాకంటే పొట్టిది. ఎంత పొట్టిదో చెప్పే దారం లేదు.