బాపు కుర్చీ బ్యాటరీలు

పక్షవాతం వచ్చిన మా బాపు కోసం, మీట నొక్కితే మనిషిని లేపి నిలబెట్టే కరెంటు కుర్చీ కొన్నాం. కరెంటు పోతే ఎలాగని అమీర్‌పేటలో నాలుగు రకాలు చూసి బ్యాటరీలు తెచ్చాను.

"ఒకట్రెండు సార్లు లేపనీకే ఇవి. ఊకె నొక్కి చూడకక్కా" అన్నాడు షాపతను. అయినా భయమాగక రోజూ ప్లగ్గు తీసి నొక్కి చూసేదాన్ని.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం నిజంగానే కరెంటు పోయింది. ఇంట్లో నేనూ, నా చంటిపాపా.

"బిడ్డా, జర లేపు. బాత్రూమ్‌కు పోవాలె" అన్నాడు బాపు.

మీట నొక్కితే కుర్చీ కదల్లేదు. పాపను కింద పడుకోబెట్టి, రెండు చేతులా లాగినా బాపు లేవలేదు. చివరికి లుంగీ తడిసిపోయింది. బాపు కండువా ముఖం మీద కప్పుకున్నాడు.

"ఏడ్వకు బిడ్డా. చిన్నగున్నప్పుడు నువ్వు నన్నెన్నిసార్లు తడపలేదు?" అన్నాడు. కండువా మాత్రం తీయలేదు.

ఆ బ్యాటరీలను తినేసింది నా భయమే. కొత్తవి వేశాను. బాపు మాత్రం మంచం దిగి ఆ కుర్చీలోకి రానంటున్నాడు.