కొండదారిలో ఊరమిరపకాయ

ఆ రోజుల్లో, అంటే పెళ్ళయిన కొత్తలో, నేను ఏ వాదనలోనూ ఓడిపోయేదాన్ని కాదు. గెలిచాక ఏం చెయ్యాలన్నదే తెలిసేది కాదు. మిర్చి అంతా గుంటూరు యార్డుకు వెళ్ళిపోయి కళ్ళాలు ఖాళీ అయిన ఒక ఎండాకాలం, కాశీ వెళదామన్న మా అత్తగారితో పోట్లాడి మరీ, మంచుకొండలు చూడాలని అందరినీ హిమాలయాలకు లాక్కుపోయాను. (బల్లపరుపు నేల మీద పుట్టినదాన్ని. కనిగిరి కొండ తప్ప ఎత్తంటే ఎరగను, అదీ బస్సు కిటికీలోంచి.)

మనాలీ దాటి జీపు పైకెక్కుతుంటే నా ప్రాణం కిందే ఉండిపోయింది. ఒకవైపు కొండ, రెండోవైపు ఏమీ లేదు. ఎక్కడో అడుగున దారప్పోగంత నది. "చూడవే, మంచు!" అంటాడు మా ఆయన. నేను చెప్పుల వంక చూస్తున్నాను. "భయమా?" "భయం దేనికి? పట్టీ తెగిందేమోనని చూసుకుంటున్నా."

అంతలో డ్రైవరు ఆవులించాడు. నాకు చెమటలు పట్టాయి. ముందు సీట్లో అత్తగారు మాత్రం నిబ్బరంగా డబ్బా తీశారు. యార్డుకు మిర్చి లారీ బయల్దేరితే, డ్రైవరు నిద్రపోకుండా కొరుక్కోమని వేయించిన ఊరమిరపకాయలు పొట్లం కట్టివ్వడం వాళ్ళింటి ఆచారం. "తిను నాయనా, నిద్ర ఎగిరిపోద్ది" అంటూ ఒకటి అతని చేతిలో పెట్టారు. "అత్తయ్యా, వద్దండీ!" అనేలోపే, పెద్దావిడ ప్రసాదం ఇచ్చిందనుకున్నాడో ఏమో, కళ్ళకద్దుకుని మొత్తం నోట్లో వేసుకున్నాడు.

ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత దగ్గు, ఆ వెనక కళ్ళ వెంట ధార. ఆ కారం చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. "హే రామ్!" అని కళ్ళు మూసుకున్నాడు. జీపు మాత్రం పోతూనే ఉంది. "ఆపరా నాయనా, ఆపు!" అని అరిచాను. (హిందీ పరీక్షలన్నీ పాసయ్యాను. ఒక్క మాట గుర్తొస్తే ఒట్టు.) కీచుమని ఆగింది. నా కిటికీలోంచి చూస్తే కింద రోడ్డు కనపడలేదు.

ఎవరూ కదల్లేదు. అత్తగారు వెనక్కి తిరక్కుండానే, "కాశీలో అయితే చచ్చినా పుణ్యముండేది అమ్మాయ్" అన్నారు.

కొండవైపు తలుపులోంచి ఒక్కొక్కరం ఊపిరి బిగబట్టి దిగాం. డ్రైవరు గట్టు మీది మంచు గుప్పెడు నోట్లో కుక్కుకుని, ఇంకో గుప్పెడు కళ్ళకు అదుముకుని చాలాసేపు కూలబడిపోయి ఉన్నాడు. చివరికి ముక్కు చీదుకుని, "మాతాజీ, ఔర్ హై?" అంటూ ఇంకోటి పెట్టమని చెయ్యి చాపాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎక్కనంటే ఎక్కనన్నాను.

జీపు ముందు మెల్లగా పోతుంటే, పట్టుచీర మీద మా ఆయన స్వెట్టరు తొడుక్కుని, కొండను తడుముకుంటూ ఆ మలుపంతా వణుకుతూ నడిచాను. మధ్యలో ఎందుకో తలెత్తాను. ఎదురుగా ఎండలో మంచుకొండ, దాని మీద మెల్లగా పాకుతున్న మబ్బు నీడ. ఆ ప్రయాణం మొత్తంలో నేను కళ్ళు తెరిచి చూసింది అదొక్కటే. ఆ వణికే పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. తర్వాత చాలా ఘాట్ రోడ్లు ఎక్కాను, భయమెయ్యలేదు. ఏ కొండా అంత దగ్గరగానూ కనపడలేదు.