గాజు గిన్నె అడుగున ఎర్రచుక్క

మొన్న పాయసంలోకని ఎండు ద్రాక్ష నీళ్లలో వేసి, పొయ్యి మీద పెట్టి మరిచిపోయాను. కాసేపటికి ఆ వగరు తీపి వాసన ఇల్లంతా పట్టేసరికి, పుదుచ్చేరిలో మేముండిన పెంకుటింట్లో, నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర పుచ్చుకునే సంస్కారం కోసం ముందురోజే ద్రాక్షరసం కాచే మా అమ్మ గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు సంతోషమేమీ కలగలేదు.

డెబ్బైల చివరి మాట. మా నాయన అక్కడి తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. సంఘమంటే మా వసారాలో చాపలేసుకుని కూర్చునే పాతిక ముప్పైమంది. తరాల కిందటే ఆ ఊరొచ్చి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ, తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ రానివాళ్లు. చదవగలిగింది నాయన ఒక్కడే కాబట్టి దేవుడేం చెప్పాడో ఆయన నోటే వినాలి. కుళాయి దగ్గర బిందెల తగాదా వచ్చినా, అత్తాకోడళ్లు మాట్లాడుకోవడం మానేసినా, తూకంలో మోసం జరిగినా కళ్లజోడు తుడుచుకుని బైబిల్లో ఒక వాక్యం తీసి చదివి, ఇట్లా నడుచుకోండని చెప్పేవాడు. ఎదురాడినవాళ్లు లేరు.

ఆయన పెట్టిన పద్ధతి ఒకటుండేది. పగ పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు కనుక, ఎవరితో మాటల్లేవో శనివారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లి కలిసి రావాలి. ఐప్పసి నెల వానల్లో వీధి మోకాలి లోతు నీళ్లయినా గోనెపట్టా కప్పుకుని బయల్దేరేవాళ్లు, ఎండాకాలమైతే ముంతమామిడి పండ్లు కొంగున కట్టుకుని వెళ్లేవాళ్లు, వెళ్లిన ఇంట్లో మురుకులో అదిరసాలో పెట్టేవాళ్లు. పిల్లలం తొక్కుడుబిళ్ల ఆపేసి వాళ్ల వెనకే తిరిగేవాళ్లం. పెద్దవాళ్లు కళ్లు తుడుచుకుంటుంటే మేము జేబులు నింపుకునేవాళ్లం.

రూతత్త నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. నాకు తలదువ్వి కనకాంబరాలు పెట్టింది, జ్వరమొస్తే గంజి తాగించింది ఆమే. విల్లియనూరు వైపు నుంచి వచ్చి మిల్లులో పనిచేసే సెల్వాన్ని ఆమె ఇష్టపడి చేసుకుంది. అతను క్రైస్తవుడే, మంచివాడే, కానీ మా వాళ్లు అంటరానిదనుకునే కులం. మా తాత బాప్తిస్మానికి నీళ్లలో మునిగినప్పుడు కులం మాత్రం తడవకుండా గట్టు మీదే ఉండి మళ్లీ వెంటొచ్చింది. అయినా నాయన అడ్డు చెప్పలేదు సరికదా, పెళ్లి ప్రార్థన కూడా తానే చేశాడు. ఎంత పెద్ద మనసని అందరూ మెచ్చుకున్నారు.

అప్పటిదాకా సంస్కారంలో ఒకే గిన్నె నోటినుంచి నోటికి తిరిగేది. సెల్వం మామ వచ్చి చాప మీద కూర్చున్న నెలే నాయన ముప్పై చిన్న గాజు గిన్నెలు కొనుక్కొచ్చాడు. ఒకరి ఎంగిలి ఒకరు తాగడం ఆరోగ్యానికి మంచిది కాదన్నాడు. ఆరాధనయ్యాక గిన్నెలు కడుగుతూ, మామ తాగింది మిగతావాటిలో కలవకుండా చూడమని అమ్మ నాకు మెల్లగా చెప్పింది. నాకప్పుడు పదకొండేళ్లు, తెలివికేం తక్కువ లేదు. పక్కింటి అక్కనడిగి గోళ్లరంగు తెచ్చి ఆ గిన్నె అడుగున ఎర్రచుక్క పెట్టాను. నాయన చూసి నా తల నిమిరాడు. ఆ మెప్పుకు నెలంతా గాల్లో తేలాను.

ఐదారు నెలలకు కాబోలు, అమ్మకు ఒంట్లో బాగాలేక ఆ ఆదివారం గిన్నెలు అత్త కడిగింది. జనమంతా ఇంకా వసారాలోనే ఉన్నారు. ఆమె తడి చేతుల్తో వచ్చి, గిన్నె బోర్లించి చూపించింది.

"ఈ చుక్క ఏందన్నా? నా మొగుడికి నెలనెలా ఇదే వస్తా ఉండాది."

"పిల్ల ఆటకు పెట్టుంటాది," అన్నాడు నాయన.

అత్త నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమెకు అర్థమైపోయింది.

"నాకు చదవను రాదు. ఇట్లా చెయ్యమని యాడ రాసుండాదో నువ్వే చదివి చెప్పు."

నాయన గ్రంథం తెరిచాడు. నాలుగు పుటలు తిప్పి మూసేశాడు. ఆరోగ్యం కోసమని గొణిగాడు. ఆయన తీర్పులతో కాపురాలు నిలబెట్టుకున్న ఆ ముప్పైమందీ చాపలు చుట్టుకోసాగారు. మామ అప్పటికే మెట్లు దిగి వీధిలో నిలబడ్డాడు. అత్త గిన్నెను నాయన ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు.

ఆ తర్వాతి శనివారాల్లో నాయన రూతత్త గడప ఎక్కలేదు. తన మనసులో ఏ పగా లేదని చెప్పి, అందరికంటే ముందు తానే తాగాడు. పెద్దయ్యాక నేనూ అట్లాగే తాగాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే ఆయన మీద ఒళ్లు మండుతుంది, నామీద ఇంకా ఎక్కువ.

ఆ ఇంటి చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి. సంఘం చెదిరిపోయింది, వాకిళ్లు తొక్కే శనివారాలు పోయాయి. పొద్దున్నే పూల బొమ్మలతో వాక్యాలు ఫోన్లోకి వస్తాయి. నాయన సమాధిపై తగాదాలు తీర్చి సమాధానపరచినవాడని చెక్కించారు.

కిందటేడు రూతత్త పోయింది. కదిర్కామంలో వాళ్లిల్లు అడుగుతూ వెళ్లాను. నన్నెప్పుడూ చూడని ఆమె కూతురు కుర్చీ వేసి, ఏడ్చిన కళ్లతోనే కాఫీ తెచ్చిచ్చింది.

"మీరు ఎవురక్కా? అమ్మకు ఏమవతారు?" అని అడిగింది.

"ఏమీ కాను. చిన్నప్పుడు ఒకే వీధి," అన్నాను.