కాటాకి పెట్టిన బొట్టు

ఎనభైల్లో మద్దిలపాలెం అవతల ఓ రేకుల షెడ్డులో ఉండేది మా కంపెనీ. లారీలను తూచే ఎలక్ట్రానిక్ కాటాలు తయారుచేసేవాళ్లం. డ్రైవరు అబద్ధమాడితే దాని బరువు కూడా మా కాటా విడిగా చూపిస్తుందని పోర్టు గేటు దగ్గర చెప్పుకుని తిరిగేవాణ్ణి. కొందరు నమ్మారు కూడా.

ఓ ఏడు యజమాని అందరినీ పిలిచాడు. కావాలన్నవాళ్లకి జీతం ఇప్పుడే పెంచుతాడు. అది వద్దనుకుని నాలుగేళ్లు ఇక్కడే పనిచేస్తే కంపెనీలో షేర్లు ఇస్తాడు. మధ్యలో మానేస్తే ఏమీ రావు. నేను జీతం అన్నాను. నా పక్క బల్ల మీద పనిచేసే మా చెల్లెలి భర్త షేర్లన్నాడు.

"నువ్వు జీతగాడిలాగ ఆలోసిత్తన్నావ్ బావా. నాను ఓనర్ని!"

"మరి ఓనరు గారు టీ తాగిత్తారేటి?" అన్నాను.

ఆ దసరాకి మేమంతా మా పనిముట్లకు బొట్లు పెట్టుకుంటుంటే, బావ వెళ్లి షెడ్డు మధ్యలో పరీక్షకు ఉంచిన పెద్ద కాటాకి పెట్టాడు. అది తన వాటా అట. ఆ తర్వాత ప్రతి దసరాకీ అంతే. ఎవరూ కాదనలేదు.

మూడో ఏడు ఉక్కు ఫ్యాక్టరీ నుంచి అతనికి పిలుపొచ్చింది. పర్మనెంటు ఉద్యోగం, క్వార్టర్సు. మల్కాపురంలో రిఫైనరీ వాసన మధ్య, ఒక్క గదిలో, దగ్గే బిడ్డతో ఉంటున్న మా చెల్లెలు నా దగ్గరకొచ్చింది.

"నువ్వు సెప్తే ఇంటారు అన్నయ్యా. నాకు షేర్లొద్దు. కిటికీ ఉన్న ఇల్లు కావాల."

చెప్పాను. బావ కాటా మీద చెయ్యి వేసి, "ఇంకొక్క ఏడే కదా! ఇప్పుడొదిలేత్తే ఇన్నాళ్లూ ఏటి సేసినట్టు?" అన్నాడు. పిలుపు గడువు దాటిపోయింది.

నాలుగేళ్లూ నిండాక షేర్లు నిజంగానే ఇచ్చారు. అమ్ముదామని వెళితే తెలిసింది, అలాంటి చిన్న కంపెనీ షేర్లు బయటివాళ్లకు అమ్మడానికి లేదని. లోపలివాళ్లెవరూ కొనరు. "ఉంచుకో, పెరుగుతాయి," అన్నాడట యజమాని. ఆ మాట మాకు చెబుతూ బావ తలెత్తలేదు.

ఆ దసరాకి తన స్క్రూడ్రైవరుకి మాత్రం బొట్టు పెట్టి దూరంగా కూర్చున్నాడు. మా ఇళ్లలోవాళ్లు కూడా పూజకొచ్చారు. చెల్లెలు బిడ్డను నా చేతికిచ్చి, కుంకుమ భరిణెతో తిన్నగా పెద్ద కాటా దగ్గరకెళ్లింది.

"ఎందుకే ఇప్పుడు?" అన్నాడు బావ.

"మన కోటర్సుకి మనం బొట్టెట్టుకోపోతే ఎవులెడతారు?"

వెటకారమే అనుకున్నాను. కానీ ఆమె గడపకి పెట్టినంత శ్రద్ధగా, వరసగా పెట్టుకుంటూ పోతోంది. బావ లేచి వెళ్లి, పక్కన నిలబడి పసుపు అందించాడు.

దేనికైనా ఓ కథ అల్లేసే నేను, దగ్గుతున్న బిడ్డ వీపు నిమురుతూ ఊరకే నిలబడ్డాను.