ఆషాఢంలో రోటరువా బస్సు

రోటరువా వెళ్ళినవాళ్ళందరూ వేడినీటి గుండాలూ, కుతకుత ఉడికే బురదా చూసి ఫోటోలు తీసుకుని వస్తారు. నేను వెళ్ళింది ఒక కొత్త పెళ్ళికూతుర్ని వెనక్కి తీసుకురావడానికి. ఆ పిల్ల అలిగి వెళ్ళిపోలేదు, మొగుడితో పోట్లాడలేదు. ఆషాఢ మాసం కదా అని ఒక నెల దూరంగా ఉందామని వెళ్ళింది. న్యూజిలాండ్ ఇమ్మిగ్రేషన్ వాళ్ళ లెక్కలో అది నేరమై కూర్చుంది.

2005 జూలై, మంచి చలికాలం. ఆక్లాండ్‌లో మౌంట్ రాస్కిల్ పేటలో, ఒకే ఆవరణలో రెండు చిన్న ఇళ్ళు. ముందు యూనిట్ మాది, వెనక యూనిట్ కిరణ్‌ది. గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చి, సిటీలో ఉద్యోగం సంపాదించి, రెసిడెన్సీ తెచ్చుకున్నాడు. మాఘమాసంలో వెళ్ళి నరసరావుపేట అమ్మాయి మాధవిని పెళ్ళి చేసుకున్నాడు. ఏప్రిల్లో ఆమె టెంపరరీ పర్మిట్ మీద వచ్చింది. ఇక్కడే ఉండిపోవడానికి దరఖాస్తు పెట్టారు. అందుకు ఇద్దరూ నిజంగా ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నట్టు రుజువు కావాలి. ఈలోగా ఆషాఢం వచ్చింది. పెళ్ళయిన మొదటి ఆషాఢం కోడలు అత్తారింట్లో ఉండకూడదని కిరణ్ వాళ్ళమ్మ ఫోన్లో పట్టుబట్టింది. పుట్టిల్లు సముద్రాల అవతల ఉంది కాబట్టి పిన్ని వరుస అయ్యే ఆవిడ ఇంటికి, రోటరువాకి, మాధవి సూట్‌కేసుతో వెళ్ళింది.

సరిగ్గా ఆ వారంలోనే, ఇంకా తెల్లవారకుండా, ఇద్దరు ఆఫీసర్లు కిరణ్ తలుపు కొట్టారు. బీరువా చూపించమన్నారు. చీరలు లేవు. బాత్రూమ్ చూశారు. ఒకటే బ్రష్షు. భార్య ఎక్కడ అని అడిగితే ఈ అమాయకుడు ఉన్నదున్నట్టు చెప్పాడు, మా ఆచారం ప్రకారం ఈ నెల మేం కలిసి ఉండకూడదు అని. సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఇద్దరూ ఆఫీసుకు రావాలని చెప్పి వెళ్ళారు. పెళ్ళి బూటకమని తేలిస్తే ఆగస్టులో పర్మిట్ అయిపోగానే మాధవి విమానం ఎక్కాల్సిందే.

కిరణ్ వెళ్ళడానికి లేదు. ఆఫీసర్లు మళ్ళీ వస్తే ఇంట్లో మనిషి ఉండాలని అతని ఇమ్మిగ్రేషన్ అడ్వైజర్ చెప్పాడు. పైగా అల్లుడు ఆషాఢంలో అత్తింటి గడప తొక్కకూడదని అమ్మగారి ఆర్డరు. కొత్త పిల్లను ఒంటరిగా బస్సెక్కించడానికి పిన్నిగారు ఒప్పుకోలేదు. చివరికి నేను బయల్దేరాను. నాకు ఈ దేశం పౌరసత్వం ఉంది, కాస్త ఇంగ్లీషుంది, బోలెడంత కోపం ఉంది.

ఆదివారం ఉదయం ఎనిమిదికి బస్సు. మావారు చీకట్లోనే కార్లో సిటీ సెంటర్‌లో దింపారు. టికెట్టు ముందుగా కొనుక్కుంటే చాలా చౌక. శుక్రవారం సాయంత్రం కొన్న నాకు ఆ యోగం లేదు. మీరెవరైనా వెళ్ళదలుచుకుంటే కుడివైపు కిటికీ అడగండి, ఎక్కువ దూరం వైకాటో నది అటువైపే కనిపిస్తుంది. బస్సులో హీటర్ బాగానే పనిచేసింది.

నా పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. టీరావులో కూతురింటికి వెళ్తున్నాడట. మాట వింటేనే తెలిసిపోయింది ఇంగ్లండు నుంచి వచ్చినవాడని. యాభైల్లో ఓడలో వచ్చానని, అప్పట్లో తనలాంటి వాళ్ళకు ఛార్జీలు సర్కారే భరించిందని ఆయనే చెప్పాడు. మోటారు రోడ్డు ఎక్కి దక్షిణంగా వెళ్తుంటే ఆక్లాండ్ పొలిమేరల్లో బాంబే అనే చిన్న ఊరు వస్తుంది. కొండ మీద పెట్రోలు బంకు, నాలుగు ఉల్లిపాయల తోటలు. ఆ బోర్డు రాగానే ఆయన నవ్వుతూ నావైపు తిరిగాడు.

"మీ ఊరు వచ్చింది, దిగరా?"

నేను నవ్వలేదు. "ఆ పేరు మావాళ్ళు పెట్టింది కాదు. మీ ఇంగ్లీషువాళ్ళని ఇక్కడికి తెచ్చిన ఓడ పేరు," అన్నాను.

ఆయనకు ఆ సంగతి తెలియదు. అయినా, వచ్చేవాళ్ళు ఎవరైనా రావచ్చు గానీ ఇక్కడివాళ్ళలో కలిసిపోవాలి, మేం కలిసిపోయాం అన్నాడు. ఎవరిలో కలిశారని అడిగాను. ఈ గడ్డ మీద ముందునుంచీ ఉన్న మావోరీలలోనా? ఆయన ఏమనుకున్నాడో, జేబులోంచి పిప్పరమెంటు తీసి ఇచ్చాడు. తీసుకున్నాను. అలా ఎందుకు తీసుకున్నానా అని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

హామిల్టన్‌లో అరగంట ఆపారు. బయట బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాను. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే మెతుకులు జారిపోయాయి. బస్సు మళ్ళీ కదిలాక డ్రైవర్ రేడియో పెట్టాడు. ఎన్నికల ఏడాది. ఎవరు ఫోన్ చేసినా ఆసియా వాళ్ళ గొడవే. మనకి కారు నడపడం రాదట, ఇళ్ళ ధరలు మనవల్లే పెరిగాయట, ఇంగ్లీషు నేర్చుకోమట. రెసిడెన్సీకి ప్రభుత్వం ఇంగ్లీషు పరీక్ష మార్కులు పెంచి, వరసలో నిలబడ్డ వాళ్ళని మధ్యలో రూల్సు మార్చి గెంటేసిన సంగతి ఒక్కరూ ఎత్తలేదు. చివర్లో ఒకావిడ, వీళ్ళు మొహం చూడకుండా పెళ్ళాలని తెచ్చుకుంటారు, అవన్నీ వీసా పెళ్ళిళ్ళే అంది. బస్సులో ఎవరో కిసుక్కున నవ్వారు.

లేచి వెళ్ళి డ్రైవర్‌ని రేడియో కట్టెయ్యమన్నాను. ఎందుకని అడిగాడు. తలనొప్పి అన్నాను. కట్టేశాడు. అసలు కారణం చెప్పాల్సింది.

రోటరువాలో బస్సు దిగగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన గుప్పున కొడుతుంది. భూమిలోంచి వచ్చే గంధకం ఆవిరి అది. గంటలో అలవాటైపోతుంది. మాధవి బాబాయిగారు కారు తెచ్చారు. ఇంటికి వెళ్ళేసరికి ఆ పిల్ల రెండు చేతులూ చాపుకుని సోఫాలో కూర్చుంది. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవాలి కదా. ఆకు దొరకదు కాబట్టి ఆక్లాండ్ శాండ్రింగమ్‌లో మనవాళ్ళ కొట్లో కొన్న పొడి కలిపి పెట్టింది పిన్నిగారు. అరచేతిలో చందమామ, వేళ్ళకు టోపీలు. అరిటాకు ముందు కూర్చున్న చిన్నపిల్లలా ఉంది.

భోజనాలయ్యాక పిన్నిగారు మొదలుపెట్టింది. నెల నిండకుండా పంపిస్తే వాళ్ళత్తగారు నన్నంటుంది అని ఆవిడ బాధ. గుంటూరుకి ఫోన్ కలిపి నేనే మాట్లాడాను. ఆషాఢంలో కడుపొస్తే ఎండాకాలంలో పురుడొస్తుందనే కదా మనవాళ్ళు ఈ ఏర్పాటు చేసింది, ఇక్కడ ఏప్రిల్లో చల్లగా ఉంటుంది వదినగారూ అని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "అక్కడి ఎండలు అక్కడివి, ఆషాఢం ఆషాఢమే కదమ్మా," అంది. ఆఫీసర్ల సంగతి చెప్పాక మాత్రం మెత్తబడింది. పిల్లలిద్దరూ చల్లగా ఉంటే చాలు, తీసుకెళ్ళు అంది.

సోమవారం పొద్దున తిరుగు బస్సు ఎక్కాం. చెరువు మీద పొగమంచు, పచ్చిక మీద తెల్లటి మంచు పొర. మాధవి కిటికీ పక్కన కూర్చుని గొర్రెల్ని చూసింది. ఆచారాల మీద తనకంత పట్టింపు లేదని, అత్తయ్య మనసు కష్టపెట్టడం ఎందుకని వచ్చానని చెప్పింది. అడ్వైజర్ చెప్పిన పాఠాలన్నీ నేను దారి పొడుగునా అప్పజెప్పించాను. మా ఆయన అనకు, కిరణ్ అను. లోపలికి వెళ్ళేటప్పుడు చెయ్యి పట్టుకో. మాట్లాడేటప్పుడు కళ్ళలోకి చూడు, తల దించుకుంటే అబద్ధం అనుకుంటారు. ఆమె కిరణ్ అని రెండుసార్లు అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మొగుడూ పెళ్ళాల్లా నటించమని నిజం మొగుడూ పెళ్ళాలకు నేర్పుతున్నాను.

పన్నెండున్నరకు ఆక్లాండ్‌లో దిగాం. కిరణ్ టై కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఎదురుపడగానే ఇద్దరూ ఆగిపోయారు. చెయ్యి పట్టుకోవాలని ఇద్దరికీ గుర్తుంది, ఎవరు ముందు పట్టుకోవాలో తెలియలేదు. సూట్‌కేసు అందుకున్నాడు. దగ్గర్లో ఒక మలేషియా హోటల్లో నూడుల్సు తిని, నడిచి ఆఫీసుకు వెళ్ళాం.

ఇద్దర్నీ విడివిడిగా పిలిచారు. మాధవికి తోడుగా నన్ను కూర్చోనిచ్చారు, మాట్లాడకూడదనే షరతు మీద. ఆఫీసరమ్మ నలభై ఏళ్ళ మనిషి. మంచినీళ్ళిచ్చింది, ప్రయాణం ఎలా జరిగిందని అడిగింది. మర్యాదకేమీ లోటు లేదు. గోరింటాకు చూసి, మీ భర్త దగ్గర లేనప్పుడు కూడా ఇలా అలంకరించుకుంటారా అంది. ఎందుకు వెళ్ళావని అడిగితే మాధవి ఆషాఢం గురించి చెప్పింది, మెల్లిగా, తడుముకోకుండా. అంతా విని ఆవిడ, "అంటే, వాళ్ళమ్మ చెప్పిందని భర్తని వదిలి వెళ్ళావు," అని రాసుకుంది. వదిలి వెళ్ళడం అనే మాట మాధవి అనలేదు. నేను నోరు విప్పబోతే చెయ్యెత్తి ఆపింది.

తర్వాత అడిగింది, మంచం మీద కిరణ్ ఏ వైపు పడుకుంటాడు అని.

మాధవి మొహం ఎర్రబడింది. నావైపు చూసింది. పెద్దదాన్ని పక్కన కూర్చున్నాను మరి. నేను గోడకేసి చూశాను. ఆవిడ ప్రశ్నను ఇంకోసారి, నెమ్మదిగా, చెవిటివాళ్ళకు చెప్పినట్టు చెప్పింది. పడుకునే ముందు ఏం చేస్తారు అని ఇంకొకటి కలిపింది. కావాలంటే మీ భాషలో చెప్పు, అనువాదం చేయిస్తాం అంది.

"నేను చెప్పను," అంది మాధవి, చక్కటి ఇంగ్లీషులో, కళ్ళలోకి చూస్తూ.

జవాబు లేకపోతే ఫైల్లో ఉన్నదాన్ని బట్టే నిర్ణయించాల్సి వస్తుంది, అది నీకు మంచిది కాదు అంది ఆవిడ. మాధవి తల ఊపింది. మూడు వారాల్లో నిర్ణయం పోస్టులో వస్తుందని, ఈలోగా ఎప్పుడైనా మళ్ళీ ఇంటికి రావచ్చని చెప్పి మమ్మల్ని పంపేశారు.

ఐదు దాటాక డొమినియన్ రోడ్ బస్సు ఎక్కాం. ఆఫీసులు వదిలే వేళ, కిక్కిరిసి ఉంది. వెనక వరసలో ముగ్గురం కూర్చున్నాం, వాళ్ళిద్దరి మధ్య నేను. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక మాధవి మీదే చూపించాను. ఒక్క మాట చెప్పేస్తే పోయేదానికి ఎందుకంత పంతం అన్నాను. కిరణ్ ముందుకు వంగి తన చేతులు చూసుకుంటున్నాడు.

"నన్నూ అదే అడిగారు ఆంటీ. నేను చెప్పేశాను. పడుకునే ముందు ఏం చేస్తామో కూడా," అన్నాడు. తర్వాత మాధవితో, "నీకు తెలుసుగా, కిటికీ వైపని," అన్నాడు.

"తెలుసు. వాళ్ళకెందుకు?" అంది మాధవి.

బయట ఎన్నికల బోర్డులు ఒకదాని వెనక ఒకటి దాటిపోయాయి. ఎనిమిదేళ్ళుగా ఈ రోడ్డు మీద తిరుగుతున్నాను. పన్నులు కడతాను, ఓటేస్తాను, రగ్బీ ఓడిపోతే ఆఫీసులో వాళ్ళతో పాటు నిట్టూరుస్తాను. ఈ దేశం చాలా అందమైనది. రండి, రోటరువా చూడండి. కాపురానికి రాదలుచుకుంటే మాత్రం ఫోటోల్లో ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చేతులేసుకోండి, మొగుణ్ణి పేరు పెట్టి పిలవండి, రెండో బ్రష్షు ఎప్పుడూ బాత్రూమ్‌లో ఉంచండి. ప్రేమ ఉందా లేదా అన్నది బీరువా తెరిచి చూసే దొరలు వీళ్ళు. ఒక మనిషి నెల్లాళ్ళు ఇంకో మనిషి కోసం ఎదురుచూస్తే దాన్ని రాసుకోవడానికి వీళ్ళ కాగితాల్లో చోటు లేదు.

మా స్టాపులో దిగేసరికి చీకటి పడింది. కిరణ్ సూట్‌కేసు పట్టుకుని ముందు నడుస్తున్నాడు. మా వాకిలి దగ్గర మాధవి ఆగింది.

"ఆంటీ, అమావాస్య దాకా మీ ఇంట్లో ఉండనా? పుట్టిల్లు అనుకుంటాను."

రేపు పొద్దున్నే వాళ్ళు మళ్ళీ తలుపు కొట్టొచ్చని, ఈసారి నువ్వు కనిపించకపోతే అంతా అయిపోయినట్టేనని చెప్పాను. అత్తగారు కూడా ఒప్పుకుంది కదా, ఇప్పుడెవరి కోసం అని అడిగాను.

"మొన్న అత్తయ్య కోసం వెళ్ళాను. ఇప్పుడు నా కోసం," అంది.

నేను కిరణ్ వైపు చూశాను. వద్దంటాడని, కనీసం బతిమాలతాడని అనుకున్నాను. అతను వీధిలైటు కింద నిలబడి ఆమెను చాలాసేపు చూశాడు, ఆ రోజంతా ఒక్కసారి కూడా చూడనట్టుగా.

"వాళ్ళొస్తే పక్కింట్లో ఉందని చెప్తాను ఆంటీ. ఉన్న మాటే కదా," అన్నాడు.

సూట్‌కేసు మా వరండా దాకా తెచ్చి, గడప బయటే నిలబడి ఆమెకు అందించాడు. తర్వాత వెనక యూనిట్‌కి వెళ్ళి లైటు వేసుకున్నాడు.