డ్రాప్‌బాక్స్‌లో పడిన పాప

మా విద్యాశాఖలో ఒక మాట ఉంది, బయటివాళ్లు వింటే హడలిపోతారు. "పిల్ల డ్రాప్‌బాక్స్‌లో ఉంది" అంటాం. దేశంలో బడికి వెళ్లే ప్రతి పిల్లకూ ఒక నంబరుంటుంది. బడి మారితే పాత బడి ఆ నంబరును కంప్యూటర్లో వదలాలి, కొత్త బడి అందుకోవాలి. చెప్పాపెట్టకుండా మానేసిన పిల్లల నంబర్లు ఏ బడి లెక్కలోనూ లేకుండా ఒకచోట పడి ఉంటాయి. అదే డ్రాప్‌బాక్స్. అందులో ఉన్న పిల్ల మన ఎదుట బెంచీ మీద కూర్చుని పాఠం వింటున్నా సరే, ప్రభుత్వం దృష్టిలో ఏ బడిలోనూ లేనట్టే.

నేను ఆళ్లగడ్డ దగ్గర ఒక హైస్కూలుకు హెడ్‌మిస్ట్రెస్‌ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా స్టాఫ్ అంటారు. నిజమే, కాదనను. ఆ ఏడు పదో తరగతి పరీక్షలకు పేర్లు పంపే పని చివరికొచ్చింది. ప్రతి పిల్ల వివరాలూ కాగితం మీద తీసి, వాళ్ల చేతికే ఇచ్చి, సరిచూసుకుని సంతకం పెట్టమంటాం. ఒక పాప ఆ కాగితం పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"మేడమ్, పేరు నాదే. నాయన పేరు మాత్రం మా నాయనది కాదు. ఫొటో గూడా నాది కాదు."

చూస్తే అవి ఇంకో పాప వివరాలు. ఇద్దరిదీ ఒకే పేరు. ఎనిమిదో తరగతి దాకా ఒకే బెంచీ. ఈ పాప తల్లి గాజులమ్ముతుంది. ఆ పని మీద ఒక ఏడాది డోన్‌లో ఉన్నప్పుడు పాప తొమ్మిది అక్కడ చదివి, జూన్‌లో టీసీ తీసుకుని మా బడికే తిరిగొచ్చింది. రెండో పాప ఆ వేసవిలోనే అమ్మానాన్నలతో బెంగళూరు పనులకు వెళ్లి మళ్లీ రాలేదు. జులైలో లెక్కలు సరిచేసేటప్పుడు ఆ బెంగళూరు పాపను నా చేతులతోనే డ్రాప్‌బాక్స్‌లో వేశాను. బాగా గుర్తు. మరి ఆమె పరీక్షల జాబితాలో ఉండడమేమిటి? కంప్యూటర్లో వెతికితే నా ముందు నిలబడ్డ పాప డ్రాప్‌బాక్స్‌లో ఉండడమేమిటి?

నాకు వెంటనే అర్థమైపోయింది. అర్థమైందనుకున్నాను. తప్పు డోన్ బడి వాళ్లది, పాప నంబరు సరిగా వదల్లేదు. అక్కడి హెడ్‌మాస్టరుకు ఫోన్ చేసి కడిగిపారేశాను. "మేము టీసీ ఇచ్చిన పొద్దే వదిలినాం మేడమ్" అని ఆయన చెబుతూనే ఉన్నాడు, నేను వినిపించుకుంటేగా!

గడువు మరునాడు సాయంత్రం. అది దాటితే పాపకు హాల్‌టికెట్ రాదు, ఏడాది పోతుంది. అప్పటికే మా బడి లాగిన్‌లో మార్పులు చేసే వీలు ఆపేశారు. మండలం ఆఫీసు వాళ్లు మా చేతుల్లో లేదు, జిల్లా వాళ్లే తెరవాలన్నారు. కబురు విని తల్లి వచ్చింది.

"పోనీలే మేడమ్. ఇంట్లో ఉంటాది. పిల్లను ఎవరో అడుగుతాండారు గూడా" అంది.

పాప గోడ మీది మ్యాపు వైపు చూస్తూ నిలబడింది. "రేపు పొద్దున్నే ముగ్గురం నంద్యాల పోతాండాం. ఇంగేం మాట్లాడొద్దు" అన్నాను.

బస్సులో కూర్చున్నంతసేపూ ఆఫీసు వాళ్లతో పోట్లాడడానికి మాటలు పేర్చుకుంటూ వెళ్లాను. నా సర్వీసులో ఆఫీసులను నమ్మింది తక్కువ. అక్కడ జిల్లా విద్యాశాఖ ఆఫీసు కంప్యూటర్ గదిలో సన్నగా ఒకామె ఉంది. నా కూతురి వయసుండొచ్చు. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని ఎవరో హెడ్‌మాస్టరుతో అంటోంది: "మానేసినోళ్లు ఎంతమంది అని అడగల్య సార్. యాడుండారు అని అడుగుతాండా. ఒక్కొక్క పేరు చెప్పండి."

పేర్చుకున్న మాటలన్నీ అక్కడే మరిచిపోయాను. ఇన్నేళ్లలో నన్ను పై ఆఫీసులు ఎంతమంది అనే అడిగాయి. యాడుండారు అని అడిగిన మనిషిని చూడడం అదే మొదటిసారి.

మా గోడు విన్నాక ఆమె నన్నొదిలేసి పాపను అడిగింది. "నిన్న మధ్యాన్నం బళ్లో ఏం పెట్టినారు?"

"అన్నం, పప్పు, గుడ్డు మేడమ్. నా గుడ్డు పొట్టు సరిగా రాల్య."

ఆమె నవ్వింది. రాని పిల్లలను వస్తున్నట్టు చూపించే బళ్లూ ఉన్నాయి కాబట్టి, డ్రాప్‌బాక్స్ తెరిచేముందు పిల్లతోనే మాట్లాడుతుందట. దూరమైతే ఫోన్లో. బడి అన్నం తిన్న పిల్ల తడుముకోదని ఆమె లెక్క. ఇది ఏ ఉత్తర్వులోనూ లేదు. ఎవరో చెప్పిందీ కాదు.

కాసేపు స్క్రీను చూసి, పాప తల్లితో "అమ్మా, ఆ వరండాలో మంచినీళ్లుండాయ్, తాగిరాపో. బిడ్డను గూడా పిలుచుకపో" అంది. వాళ్లు బయటికి పోయాక గొంతు తగ్గించింది.

"మేడమ్, డోన్ సార్ సరిగ్గానే వదిలినాడు. పాప మీ బడికి వచ్చింది గూడా. జులైలో మీ లాగిన్ నుంచే డ్రాప్‌బాక్స్‌లోకి పోయింది. పేరు చూసి నొక్కినట్టుండారు. నంబరు చూడల్య."

సిగ్గుతో తల వాలిపోయింది. నలుగురి ముందు అనేయడానికి ఆమెకు అడ్డేముంది? నేనైతే అనేసేదాన్నే. ఆ అమ్మాయి చేసింది నాకు చేతకానిది. కాగితాలు తీసుకుని తనే మేడమీది అధికారి దగ్గరకు వెళ్లి సంతకం చేయించుకొచ్చింది. మధ్యాహ్నం దాటకముందే పాప మా బడిలోకి, పరీక్షల జాబితాలోకి వచ్చేసింది.

తల్లికి నేనే చెప్పుకున్నాను. "నీ బిడ్డను ఆ పెట్టెలో వేసింది నేనేనమ్మా."

"తీపిచ్చింది గూడా నువ్వే గదా మేడమ్. ఇంగ ఇడ్సిపెట్టు" అంది. వరండాలోంచే డోన్ హెడ్‌మాస్టరుకు ఫోన్ చేసి తప్పయిపోయిందన్నాను. ఆయనా పెద్దమనిషే, నన్ను ఎక్కువసేపు బతిమాలనివ్వలేదు.

ఇక బయలుదేరుతుంటే ఆ అమ్మాయి పిలిచింది.

"మరి ఆ బెంగళూరు పిల్ల యాడుంది మేడమ్?"

తెలియదని ఒప్పుకున్నాను. "డ్రాప్‌బాక్స్‌లో ఉండింటే ఈ పాటికి ఎతుకుతాంటిమి. మీ బళ్లోనే చదువుతాన్నట్టు కనపడె. ఎవురూ ఎతకల్య" అంది. నిందించలేదు, ఉన్నమాట చెప్పింది. నా వెనక నిలబడ్డ పాప మెల్లగా, "వాళ్లమ్మ ఫోన్ నంబరు మా అమ్మ దగ్గరుంది మేడమ్" అంది.

అక్కడికక్కడే ఆ అమ్మాయి ఫోన్ కలిపింది, అందరికీ వినబడేట్టు. బెంగళూరు పిల్లే ఎత్తింది.

"నంద్యాల ఆఫీసు నుంచి మాట్లాడతాండా, మీ పాత బడోళ్లు గూడా ఈడుండారు. బడికి పోతాండావా పాపా ఆడ?"

"ల్యా మేడమ్. అమ్మోళ్లు పనికి పోతే చెల్లిని చూసుకుంటాండా."

"పదో తరగతి ఈ యేడు కాకుంటే వచ్చే యేడు రాస్తావు. మీ ఇంటి దగ్గర బడి యాడుందో కనుక్కొని నేనే చెప్తా. సరేనా?"

ఆ పిల్ల, "మా హెడ్‌మేడమ్ ఉండాదా ఆడ?" అంది. ఉన్నానన్నాను.

"మేడమ్, హాజరులో నా పేరు ఇంకా పిలుస్తాండారా?"

"రోజూ పిలుస్తాండామ్మా" అన్నాను. అది అబద్ధం కాదు. పదో తరగతి హాజరు నేనే తీసుకుంటాను, ఆ పేరు రోజూ పిలుస్తూనే ఉన్నాను. పలికేది మాత్రం ఈ పాప.